మోకాలెత్తు ఇల్లు

కంచెకు కడీలు పాతాలని పిలిస్తే వచ్చిన.
చండూరు దాటి, బత్తాయి తోటలు దాటి
బండి పోని బాటల
తాపీ సంచి భుజానేసుకొని
పాటిగడ్డ ఎక్కిన.

చిన్నప్పుడు ఈ మన్నునే బండ్లకెత్తి
చెల్కలల్ల చల్లినం.
పెంకులు తగిలితే పారేసినం,
బొక్కలు తగిలితే కండ్లు మూసుకొని పారేసినం.
పాటిమన్ను పడ్డ ఏడు
జొన్నకంకి రెండు పిడికిళ్ళంత కాసేది.
ఎవరి ఇంటినో తిన్నం, తెల్వక.

ఇప్పుడు తవ్వినోళ్ళు పోయిన్రు.
మిగిలింది మోకాలెత్తు గోడలు,
ఒక నీలిపట్టా, అది లేవకుండ నాలుగు రాళ్ళు,
కావలికి జానయ్య.

"చెప్పులిడిసి రావాల్నా?"
"గుడి గాదే, ఇల్లు."
ఇల్లయితే మరీ ఇడవాలె గదా అని
గడప లేనికాడ ఇడిసిన.

ఇటుక మీద జాన పెట్టి చూసిన.
రెండు జానలు దాటింది.
మా బట్టీ ఇటుకలు మూడు దీని కడుపుల పడతయి.
ఊక కలిపిన్రు మట్టిల,
మా నాయిన గూడ గంతే.
తూర్పు గోడల నాలుగో వరస వంకర!
నాకు నవ్వొచ్చింది.
దారం కట్టకుండ
కంటి అందాజతోటి పెట్టిండు, ఇంటాయన లేని పూట.
పై వరసల సర్దుకున్నడు.
ఎవ్వలు చూస్తరనుకున్నడు?
రెండు వేల ఏండ్లకు
నేనొచ్చి పట్టుకున్న, అన్నా, నిన్ను.

ఇంకో ఇటుక మీద కుక్క అడుగు.
పచ్చి ఇటుకల మీంచి ఉరికింది.
ఎనక కట్టె పట్టుకొని ఎవరో
తిట్టుకుంట ఉరికే ఉంటరు.

జానయ్య కట్టె ఊతతోటి నడుస్తడు.
కాళ్ళు రెండూ విల్లు లెక్క వంగినయ్.
"గిది వంటిల్లు, బూడిద దొరికింది.
గీడ కుండ చెవులు. ద్రాక్ష కల్లంట,
రోము నుంచి ఓడల ఒచ్చేదంట."
రోము అనంగ ఆయన చెయ్యి
మునుగోడు రోడ్డు దిక్కు చూపెట్టింది.

"మా అమ్మ సైదమ్మకు దొరికింది బంగారు బిళ్ళ,
గిదే మన్నుల, కలుపు తీస్తుంటే.
దాని మీద ఒకని మొకం, చిలక ముక్కు,
నెత్తికి ఆకుల దండ, చెంప మీద కత్తిగాటు.
ముక్కోడు అని పేరు పెట్టింది.
మా నాయిన కట్టిన పుస్తెల పక్కనే
వేలాడేటోడు ఆ పరాయి మొగోడు."
నవ్విండు.
నవ్వు ఆగినంక శానసేపటికి
"బోరు కోసం అమ్మినం.
నల్లగొండల కంసాలి మా ముందే కరగబెట్టిండు.
మూడు వందల అడుగులకు నీళ్ళు పడ్డయ్.
ఊరంత ఉరికొచ్చింది.
గా నీళ్ళే తాగి పెరిగిన."
ఆయన కాళ్ళ దిక్కు చూడలే.
నేను గూడ చూడలే.

పెరట్ల మట్టి ఒరల బావి.
ఒర మీద ఒర, తొమ్మిది లెక్కపెట్టిన.
లోపల తుమ్మాకు, ఎండిన తొండ.
ఎవర్నడగాలె?
ఈ నీళ్ళు తాగినోళ్ళ పండ్లు తెల్లగున్నయా,
గార పట్టినయా?
దారం కట్టని ఆ మేస్త్రి
వంగి ముడి వెయ్యలేకపోయిండా?
ఇందాక నవ్వినందుకు
నోట్లె మన్ను పడ్డట్టయింది.

పొద్దుగూకింది. కడీలన్నీ అయినయ్.
జానయ్య తూర్పు గోడ మీద కూసున్నడు,
సరిగ్గ ఆ వంకర వరస పైన.
"కింద కూసుంటే లేవరాదు నాకు.
కుర్చీల ఎత్తు సాలదు, మంచం ఎత్తు సాలదు.
గీ గోడ అచ్చం నా కొలతకు కట్టినట్టుంటది."

ఇంకొక్కటే మిగిలింది పని.
'గోడలపై కూర్చోరాదు' అని
పచ్చరంగు మీద తెల్లగ రాసిన బోర్డు.
ఎక్కడ పాతాలెనో సార్లు చెప్పిన్రు గాని
నాకు గుర్తులేదు.

అవతలి మూలకు, తుమ్మచెట్టెనక,
మొకం ముళ్ళ దిక్కు పెట్టి
తూకంగుండు ఏసి
నిటారుగ పాతిన.